విడి టికెట్లు

నీలాచలానికి నాలుగోసారి చెబుతున్నాను.
విశాఖ నుంచి హైదరాబాదుకి ఒక టికెట్టు,
హైదరాబాదు నుంచి మస్కట్‌కి ఇంకొకటి.
కలిపి కొంటే మూడువేల ఎనిమిదొందలు ఎక్కువ,
అందుకని విడిగా కొట్టాను.
ఈ విమానానికి ఆ విమానం ఎవరో తెలీదు.
నువ్వు దిగితే నీ బేగూ దిగిపోతుంది.
బెల్టు దగ్గర నిలబడి దాన్ని పట్టుకుని,
బయటికొచ్చి, మేడెక్కి, మళ్ళీ వరసలో నిలబడి
మళ్ళీ కొత్తగా అప్పజెప్పాలి.

"మనిషినొకణ్ణే, బేగూ ఒకటే.
ఆళ్ళాళ్ళు మాటాడుకోలేరా అక్కా?"

మాటాడుకోరు.
మాటాడుకోడానికే ఆ మూడువేల ఎనిమిదొందలు.

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా నా కొట్టు.
జిరాక్సు, ఆధారు, కరెంటు బిల్లు, గల్ఫు టికెట్టు.
గోడ మేకుకి మా మరిది కాటా వేలాడుతుంటుంది,
జీడిపిక్కలు కొనే యార్డుది,
సీజను కానప్పుడు నాకు అరువు.
బేగుని కొక్కేనికి తగిలించాం.
పద్దెనిమిదిన్నర.

మస్కట్ విమానం ముప్పై కిలోలు మోస్తానంటుంది.
హైదరాబాదు దాకా గంటన్నర ఎగిరేది మాత్రం
పదిహేను దాటితే కిలోకి ఆరొందలంటుంది.
పెద్దది ఎంత దొరబాబైనా
చిన్నదాని గుమ్మంలోంచే దూరాలి.

కొట్టు నేల మీదే జిప్పు తెరిచాడు.
వెల్డింగు హెల్మెట్ ఉండాలి, కంపెనీది కళ్ళకి పడదట.
బూట్లుండాలి.
ఎండు నెత్తళ్ళు తీశాడు, వాసన చూసి మళ్ళీ పెట్టాడు.
చోడిపిండి రెండు కిలోలూ తీసేశాడు.
దుప్పటి తీసేశాడు.
పనసపిక్కల పొట్లం అరచేతిలో ఎగరేసి ఎగరేసి
నా బల్ల మీద పెట్టాడు. "మీరుంచీండి."

బల్ల కింద అరలో ఇలాంటివే ఉన్నాయి:
సోంపేట కుర్రాడి క్రికెట్ బ్యాటు,
మందస ఆయన చిన్నరోలు, దాని పొత్రం.
వెనక్కొచ్చి అడిగినవాడు ఒక్కడూ లేడు.

పద్నాలుగూ ఆరొందలు.
బల్ల మీద పొట్లం విప్పి
నాలుగు గుప్పిళ్ళు పక్కజేబులో పోశాను.
పద్నాలుగూ ఎనిమిదొందలు. చాలు.

రాత్రి పలాసలో రైలెక్కాడు.
తెల్లారి ఏడింటికి విశాఖ నుంచి ఫోను.

"పదిహేనూ తొమ్మిదొందలంటన్నారక్కా."
కాదు, నేను చూశాను కదా.
"మీరు సూసినారు. మీ కాటా అలాగే సూపిస్తాది.
మా నాయన ఎప్పుడూ అనీవోడు,
ఆ యార్డుకి బస్తా ఎత్తికెల్తే
దారిలోనే ఎలకలు తినెస్తాయని."
నవ్వాడు. నిష్ఠూరం లేదు అందులో,
ఉంటే బాగుండేది.
"బూట్లు తీసి తొడిగీసినాను. సరిపోయింది.
ఉంటానక్కా, లైను కదిలింది."

సగం ఎత్తిన షట్టరు కింద,
పక్క కొట్లో కిలో పంచదార పేకెట్టు కొని
కొక్కేనికి తగిలించాను.
తొమ్మిది వందల ముప్పై.

పంచదారని నమ్మక ఉప్పు తెచ్చాను.
తొమ్మిది వందల ముప్పై.

కిలోకి డెబ్భై గ్రాములు.
ఎనభై కిలోల బస్తాకి అయిదున్నర పైన.
ఎన్ని బస్తాలు, ఎన్ని ఎండాకాలాలు,
పెళ్ళై వచ్చిన్నాటి నుంచీ నా కంచంలోకి ఎంత
అనేదాకా వచ్చి
లెక్క ఆపేశాను. ఎవరో జిరాక్సుకొచ్చారు.

పదిన్నరకి మళ్ళీ ఫోను. హైదరాబాదు.
వెనక బెల్టు కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది.
"అందరివీ వొచ్చినాయి. నాది రానేదు."
మస్కట్ కౌంటరు పన్నెండింటికి మూసేస్తారు.
ఆ మాట నేను అనలేదు, అతనూ అడగలేదు.
ఇద్దరం ఆ చప్పుడే విన్నాం,
నేను జిరాక్సు మిషను ఆపేసి మరీ.

"ఆఁ! ఎర్రతాడు. నాదే!"
తర్వాత పరుగు, ఊపిరి,
ఫోను పెట్టేయడం మరిచిపోయిన జేబు,
లిఫ్టు తలుపు, ఎవరిదో దగ్గు.
చాలాసేపటికి,
"ఇచ్చీసినానక్కా. ఇక్కడ ముప్పై కిలోలు కదా,
పనసపిక్కలు అన్నీ పట్టీసీవి."

సాయంత్రం మరిది వచ్చాడు.
పిక్కలు దిగుతున్నాయి వదినా, కాటా ఇటియ్యి.
మేకు ఖాళీగా ఉంది.
రేపింకో బేగుంది, అన్నాను,
బల్ల కింద అర వైపు చూడకుండా.